పోర్టింగ్ పాఠాలు – 4: డిస్కు ఫైలు దగ్గర లూప్ ఆగిపోకుండా

గత పాఠంలో సాకెట్లకు (నెట్‌వర్క్ కనెక్షన్లకు) ఓ_నాన్‌బ్లాక్ (డేటా లేకపోతే ఆగకుండా వెంటనే తిరిగి రమ్మనే ఫ్లాగ్) పెట్టి, ఈపోల్‌తో (ఏది సిద్ధమైందో చెప్పే లైనక్స్ సదుపాయం) లూప్ నడిపాం. డిస్కు మీది ఫైలును అదే లూప్‌లో చేర్చబోతే లైనక్స్ ఒప్పుకోదు, దాన్ని చేర్చే కాల్ ఈపోల్_సీటీఎల్ ఈపెర్మ్ (అనుమతి లేదు) ఎర్రర్ ఇస్తుంది. ఇదే పని చేసే పాత కాల్స్ పోల్, సెలెక్ట్‌లతో ఇంకా ప్రమాదం. అవి ఎర్రరేమీ ఇవ్వకుండా ఫైలు ఎప్పుడూ సిద్ధమనే చెబుతాయి. ఆ మాట నమ్మి రీడ్ పిలిస్తే, డేటా పేజ్ క్యాష్‌లో (కెర్నెల్ మెమరీలో ఉంచుకునే ఫైలు నకలు) లేనప్పుడు డిస్కు నుంచి వచ్చేదాకా థ్రెడ్ అక్కడే నిలబడుతుంది. ఓ_నాన్‌బ్లాక్ పెట్టినా అంతే.

విండోస్ పద్ధతి వేరు. సిద్ధమైతే చెప్పమని కాదు, చదివేశాక చెప్పమని అడుగుతాం. క్రియేట్‌ఫైల్‌లో ఫైల్_ఫ్లాగ్_ఓవర్‌ల్యాప్డ్ ఇచ్చి తెరవండి. రీడ్‌ఫైల్ ఫాల్స్ ఇస్తే గెట్‌లాస్ట్‌ఎర్రర్ చూడండి: 997 అంటే పని నడుస్తోంది, 38 అంటే ఫైలు అయిపోయింది.

ఇలా తెరిచిన ఫైలుకు పాయింటర్ తనంతట ముందుకు జరగదు. ప్రతిసారీ ఓవర్‌ల్యాప్డ్ స్ట్రక్చర్‌లో ఆఫ్‌సెట్ (ఫైల్లో ఎన్నో బైటు నుంచి చదవాలో) మీరే నింపాలి: కింది 32 బిట్లు ఆఫ్‌సెట్‌లో, పై 32 ఆఫ్‌సెట్‌హైలో. పై సగం సున్నాగా వదిలేస్తే 4 జీబీ దాటాక ఫైలు మొదటినుంచి మళ్లీ వస్తుంది. చిన్న ఫైళ్లతో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు.

ఆ స్ట్రక్చర్‌నూ బఫర్‌నూ లోకల్ వేరియబుల్స్‌గా అస్సలు పెట్టకండి. ఫంక్షన్ ముగిశాక కూడా కెర్నెల్ అదే చోట రాస్తుంది. స్టాక్ పాడై, సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది. హీప్‌లో పెట్టి, పని పూర్తయిన కబురు అందాకే ఫ్రీ చేయాలి. రద్దు చేసినా అంతే. రీడ్‌ఫైల్ వెంటనే ట్రూ ఇచ్చినా ఐఓసీపీకి (పూర్తయిన పనుల కబుర్లు చేరే విండోస్ క్యూ) మామూలుగా కబురు వస్తుంది. తొందరపడి అక్కడే ఫ్రీ చేస్తే రెండోసారి ఫ్రీ అయ్యేది అదే మెమరీ.

రెండు వైపులా ఒకే ఇంటర్‌ఫేస్ కావాలంటే విండోస్ తీరునే ఎంచుకోండి: ఫైలు, ఆఫ్‌సెట్, బైట్ల సంఖ్య, పూర్తయ్యాక పిలవాల్సిన కాల్‌బ్యాక్. లైనక్స్, మ్యాక్‌లలో దీని వెనక చిన్న థ్రెడ్ పూల్ చాలు. ఒక్కో థ్రెడ్ ప్రీడ్ (ఇచ్చిన ఆఫ్‌సెట్ నుంచి చదివే కాల్) పిలిచి, అయ్యాక పైపులో ఒక బైటు రాసి మెయిన్ లూప్‌ను లేపుతుంది. లిబ్‌యూవీ అనే లైబ్రరీ కూడా ఫైళ్లకు థ్రెడ్ పూలే వాడుతుంది, డిఫాల్ట్‌గా 4 థ్రెడ్లు. లైనక్స్ 5.1 నుంచి ఐఓ_యూరింగ్ (చదివే పని కెర్నెల్‌కే అప్పగించి, అయ్యాక కబురు అందుకునే పద్ధతి) ఉన్నా, కొన్ని కంటైనర్లలో దాన్ని మూసేస్తారు. ముందు పూల్ రాయండి.

అభ్యాసం: 5 జీబీ ఫైలు తయారుచేసి, ప్రతి 8 బైట్లలో ఆ చోటి ఆఫ్‌సెట్‌నే రాయండి. 64 కేబీ చొప్పున 16 రీడ్‌లు ఒకేసారి నడుపుతూ, వచ్చిన ప్రతి అంకెనూ అడిగిన ఆఫ్‌సెట్‌తో పోల్చండి. రెండు సిస్టమ్‌లలోనూ ఒక్క తేడా కూడా రాకూడదు.