ఇంగ్లీషు క్రియల తికమక – 6వ పాఠం: లై, లే

పెన్ను అడిగేటప్పుడు ‘బారో’ అనాలా, ‘లెండ్’ అనాలా? ముందు కిందటి పాఠంలోని ఈ అభ్యాసానికి జవాబు. పెన్ను మనం తీసుకుంటే ‘బారో’, ఎదుటివాళ్లు ఇస్తే ‘లెండ్’. అందుకే ‘కెన్ ఐ బారో యువర్ పెన్?’ అన్నా, ‘కెన్ యూ లెండ్ మీ యువర్ పెన్?’ అన్నా అడిగేది ఒకటే.

ఇవాళ్టి జంట ‘లై’, ‘లే’ అంటే చాలామందికి టెన్షన్. నా లెక్కలో మాత్రం తెలుగు వచ్చినవాళ్లకు ఇందులో సగం ముందే వచ్చు. పడవ మునుగుతుంది, దాన్ని ఎవరో ముంచుతారు. దిగు–దించు, నిండు–నింపు, లేచు–లేపు కూడా అంతే. ‘నేను పొద్దున్నే లేపాను’ అని ఆపేస్తే వినేవాళ్లు ‘ఎవర్ని?’ అని అడిగి తీరతారు.

ఇంగ్లీషులోనూ ఆ ‘ఎవర్ని, దేన్ని’ అనే ప్రశ్నే వేసుకోండి. సూర్యుడు తనంతట తాను లేస్తాడు: ‘ద సన్ రైజెస్’. చెయ్యి మనం ఎత్తుతాం: ‘రెయిజ్ యువర్ హ్యాండ్’. అలాగే పడుకోవడం ‘లై’, పడుకోబెట్టడం ‘లే’. వస్తువును దేనిమీదైనా ఆనించి పెట్టడం కూడా ‘లే’నే. ఇంగ్లీషు పుట్టకముందే, దాని మూలమైన జర్మానిక్ భాషలో క్రియకు ఒక ప్రత్యయం చేర్చి ఇలాంటి జంటలు తయారుచేసుకున్నారు. సిట్–సెట్ కూడా ఆ కోవలోదే.

అసలు చిక్కు భూతకాలంలో ఉంది. ‘లై’కి భూతకాలం ‘లే’! ‘ఐ లే డౌన్ యెస్టర్‌డే’ అంటే నిన్న పడుకున్నాను అని. పెట్టడం అనే ‘లే’కి భూతకాలం ‘లెయిడ్’: ‘ఐ లెయిడ్ ద బుక్ ఆన్ ద టేబుల్’. ‘హ్యావ్’ తర్వాత మొదటిది ‘లెయిన్’ అవుతుంది, రెండోది ‘లెయిడ్’గానే ఉంటుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా ఇక్కడ తరచుగా తడబడతారు, కాబట్టి వెంటనే పట్టుబడకపోతే బెంగపడకండి. ఈ రూపాలను విడివిడిగా కాకుండా, పై వాక్యాలతో కలిపి పైకి చదవండి. అలాగైతేనే నాలుక్కి అలవాటవుతాయి.

అబద్ధమాడటం అనే ‘లై’ వేరే క్రియ. దాని భూతకాలం ‘లైడ్’, అంతే.

ఇక మీ వంతు. వీటిని ఇంగ్లీషులో రాయండి:

బిడ్డను మెల్లగా మంచం మీద పడుకోబెట్టింది.
నిన్న గంటసేపు పడుకున్నాను.
ధరలు పెరిగాయి.
వాళ్లు ధరలు పెంచారు.

జవాబులు 7వ పాఠంలో, ‘సే’, ‘టెల్’ మొదలుపెట్టే ముందు చూద్దాం.