ఖాళీ బ్లాక్‌ని ముందు బండిలో కూర్చోబెట్టండి: పాత పికప్‌కి వేరే డీజిల్ ఇంజిన్ ఎక్కించే పద్ధతి

మొదటిసారి నేను ఇంజిన్ మొత్తం బిగించి, రంగు వేసి, చైన్ బ్లాక్‌కి వేలాడదీసి బండిలోకి దించాను. సగం దిగి ఆగిపోయింది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ ఛాంబర్ ముందు భాగం ఛాసిస్ అడ్డబద్దీ మీద కూర్చుంది, ఇంకా రెండు వేళ్ల మందం కిందికి దిగాలి. కొత్త సీళ్లు, కొత్త గాస్కెట్లు వేసిన ఇంజిన్‌ని మళ్లీ పైకి లేపి, తలకిందులు చేసి, ఛాంబర్ విప్పాల్సి వచ్చింది. అందుకే ఇంజిన్ మార్చాలనుకునే వాళ్లకి ముందు చెప్పేది ఇదే: రింగులు, బేరింగులు కొనకముందే ఖాళీ బ్లాక్‌ని (సిలిండర్లుండే ఇంజిన్ మొండెం), గేర్ బాక్స్‌ని కలిపి బండిలో కూర్చోబెట్టి చూడండి.

మా పికప్ నాన్నది. అందులో ఉన్న 2.2 లీటర్ల డీజిల్ ఇంజిన్ బ్లాక్ నీళ్ల దారి పక్కన చీలింది. ఆయిల్ క్యాప్ లోపల కాఫీ మీది నురగలాంటి జిడ్డు కనిపించేది. ఆ బ్లాక్ బాగుపడేది కాదని తేలాక, ఒక చిన్న ట్రక్కు నుంచి తీసిన పాత ఇసుజు 4జేబీ1 తెచ్చుకున్నాను. నాలుగు సిలిండర్లు, 2771 సీసీ, బోర్ (సిలిండర్ వెడల్పు) 93 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 102 మి.మీ., డైరెక్ట్ ఇంజెక్షన్. నాకు దొరికిన దానికి టర్బో లేదు, సిలిండర్లకి డీజిల్ పంపే వీఈ రకం రోటరీ పంపు ఉంది. దీన్ని ఎంచుకోవడానికి పెద్ద కారణం వైరింగ్. కంప్యూటర్ లేని డీజిల్ ఇంజిన్ నడవడానికి గాలి, డీజిల్, సరైన టైమింగ్, పంపుకి ఒక్క కరెంట్ వైరు చాలు. పాత బండికి అంతకంటే ఎక్కువ తగిలిస్తే ఇంజిన్ పనికంటే వైర్ల పని పెద్దదవుతుంది.

పాత ఇంజిన్ కొనేటప్పుడు వీలైతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడండి. డీజిల్‌కి పెట్రోల్ గేజ్ పనికిరాదు. బాగున్న డీజిల్ సిలిండర్‌లో 25 నుంచి 30 బార్ దాకా వస్తుంది. అంకె ఎంత వచ్చిందన్న దానికంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. పది శాతం దాటి తేడా ఉంటే లోపల ఏదో ఒకటి పోయినట్టే. ఎలాగూ మొత్తం విప్పుతాం కదా అని దీన్ని వదిలేయకండి. బ్లాక్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు), హెడ్ (సిలిండర్ల పై మూత) ఈ మూడూ బాగుంటేనే మిగతా ఖర్చుకి అర్థం ఉంటుంది.

పాత ఇంజిన్ తీయడం గురించి ఎక్కువ చెప్పను. బ్యాటరీ నెగటివ్ ముందు తీయండి, నీళ్లు, ఆయిల్ దించండి, ప్రతి వైరుకీ టేపు అంటించి పేరు రాయండి, విప్పే ముందు ఫోటో తీయండి. డీజిల్ పైపుల చివరలు వెంటనే మూసేయండి, ఇసుక రేణువు ఒక్కటి వెళ్లినా సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పాడవుతుంది. ఇంజిన్ బరువు 200 కిలోలు దాటుతుంది. వేలాడుతున్న ఇంజిన్ కింద చెయ్యి కూడా పెట్టొద్దు. బండి కిందికి వెళ్లాలంటే జాకీని నమ్మకుండా స్టాండ్లు వేయండి.

ఖాళీ బ్లాక్‌తో కొలతలు

క్రాంక్, పిస్టన్లు, హెడ్ లేని బ్లాక్‌ని ఇద్దరు మనుషులు చైన్ బ్లాక్‌తో హాయిగా ఆడించవచ్చు. దానికి ఛాంబర్, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌ని గేర్ బాక్స్‌కి కలిపే గుల్ల), గేర్ బాక్స్ బిగించండి. హెడ్‌ని కూడా రెండు బోల్టులతో ఊరికే పైన పెట్టండి, బానెట్‌కి తగులుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఇప్పుడు బండిలోకి దించి, అంగుళం అంగుళం కదుపుతూ చూడండి.

ముందు చూడాల్సింది ఛాంబర్. దాని లోతైన భాగం ముందుందా, వెనకుందా అన్నది బండిని బట్టి మారుతుంది. నాకు తగిలింది అక్కడే. వెనక లోతు ఉన్న ఛాంబర్‌తో పాటు దానికి సరిపోయే ఆయిల్ పీల్చే పైపు కూడా మార్చాను. ఛాంబర్ ఒక్కటే మార్చి పైపు వదిలేస్తే పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది. తర్వాత స్టీరింగ్ రాడ్లు, ఎగ్జాస్ట్ వంపు, వెనక గోడ, ముందు రేడియేటర్. ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య కనీసం ఒక అంగుళం ఉండాలి. రబ్బరు ఫౌండేషన్ల (ఇంజిన్‌ని మోసే దిమ్మలు) మీద ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగుతుందని గుర్తుంచుకోండి.

గేర్ బాక్స్ విషయంలో నేను తేలిక దారి పట్టాను. ఇంజిన్‌తో వచ్చిన గేర్ బాక్స్‌నే వాడి, వెనక అడ్డబద్దీ జరిపి, గేర్ బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు తగ్గించి బ్యాలెన్స్ చేయించాను. పాత గేర్ బాక్సే కావాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు వస్తుంది. అప్పుడు బెల్ హౌసింగ్ కేంద్రం, క్రాంక్ కేంద్రం ఒకే గీత మీద ఉన్నాయో లేదో డయల్ గేజ్‌తో చూడాల్సిందే. అది వెంట్రుకవాసి తప్పినా గేర్ బాక్స్ ముందు బేరింగ్, క్లచ్ ప్లేటు త్వరగా పోతాయి. క్రాంక్ చివరి పైలట్ బేరింగ్ గేర్ బాక్స్ ముందు షాఫ్ట్ సైజుకి సరిపోయిందా అన్నది కూడా ఇప్పుడే చూడండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చాలామంది వదిలేస్తారు. గేర్ బాక్స్ వెనక ఫ్లాంజ్, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. నా బండిలో ఇంజిన్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది, డిఫరెన్షియల్ కోణాన్ని కూడా దానికి సరిపెట్టాను. ఇది తేడా ఉంటే బండి ఒక వేగం దగ్గర ఒళ్లంతా వణుకుతుంది, మనం మాత్రం ఇంజిన్‌ని అనుమానిస్తాం.

అన్నీ కుదిరాక ఫౌండేషన్ బ్రాకెట్లని బండిలో ఉండగానే చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ పెట్టి, బ్లాక్ తీసేశాక పూర్తి వెల్డింగ్ చేయండి. వెల్డింగ్ వేడికి బ్రాకెట్ వంగుతుంది, అందుకే మళ్లీ ఒకసారి బ్లాక్ పెట్టి చూడాలి.

ఇంజిన్ కట్టడం

ఇప్పుడు మొదలవుతుంది అసలు ఓపిక. హెడ్ బోల్టులు బయటి నుంచి లోపలికి, విడతలుగా వదులు చేయాలి. బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి. క్రాంక్‌ని పట్టే మెయిన్ క్యాపులు, పిస్టన్ రాడ్లని దానికి పట్టే కన్‌రాడ్ క్యాపులు ఏ స్థానంలోవి ఆ స్థానానికే, ఏ వైపుకి ఉన్నాయో అదే వైపుకి వెళ్లాలి. వాల్వులని కదిపే పుష్ రాడ్లని అట్టముక్కకి రంధ్రాలు చేసి వరుసగా గుచ్చాను.

ఈ ఇంజిన్‌లో పల్చటి డ్రై లైనర్లు (సిలిండర్ లోపల దిగే గొట్టాలు) ఉంటాయి. క్రోమ్ పూత ఉన్న లైనర్‌కి హోనింగ్ (లోపలి గోడని రాయితో రుద్దడం) చేయకూడదు, అరిగితే మార్చడమే. కొత్త లైనర్ గ్రేడ్ బ్లాక్ రంధ్రం గ్రేడుతో కలవాలి. సుత్తితో దిగే లైనర్ తప్పు లైనర్. కూర్చున్నాక పై అంచు బ్లాక్ ముఖం కంటే కిందికి ఉండకూడదు, 0.1 మి.మీ. మించి పైకీ రాకూడదు. కిందికి ఉంటే హెడ్ గాస్కెట్ పట్టు దొరక్క మళ్లీ ఆయిల్‌లో నీళ్లే.

క్రాంక్‌ని లేత్ మీద కొలిపించి, గ్రైండింగ్ చేయించి, దానికి సరిపోయే అండర్‌సైజు షెల్స్ (బేరింగ్ రేకులు) తెచ్చాను. షాపులో కొలిచారు కదా అని ఊరుకోలేదు. మైనం పుల్లలా సన్నగా ఉండే ప్లాస్టిగేజ్ ముక్కని జర్నల్ (క్రాంక్‌లో బేరింగ్ పట్టే భాగం) మీద పొడవునా పడుకోబెట్టి, ఆయిల్ లేకుండా క్యాప్ పెట్టి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంత బిగించాలి. క్రాంక్‌ని కదపకూడదు. విప్పి చూస్తే ఆ పుల్ల నలిగి పట్టీలా వెడల్పవుతుంది. కవర్ మీద ఉన్న గీతలతో పోల్చితే మధ్యలో ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. నాకు నాలుగు మెయిన్ బేరింగుల్లో 0.05 మి.మీ. దగ్గర వచ్చింది. అయిదో దానిలో పట్టీ ఒక చివర వెడల్పుగా, ఒక చివర సన్నగా వచ్చింది. షెల్ వెనక చిన్న ఇనుప పొట్టు ఇరుక్కుని ఉంది. గోటి కొసమీద పట్టేంత. తుడిచి మళ్లీ బిగిస్తే సమానంగా వచ్చింది. ఆ పొట్టు అలాగే ఉండి ఉంటే ఆ బేరింగ్ ఎన్నాళ్లో నిలిచేది కాదు.

రింగుని సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో నిటారుగా కిందికి నెట్టి, చివరల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో కొలవండి. ఇంజిన్ వేడెక్కితే రింగు సాగుతుంది. సందు మరీ తక్కువైతే చివరలు ఒకదానికొకటి తగిలి లైనర్‌ని గీస్తాయి. పిస్టన్ ఎక్కించేటప్పుడు రింగుల సందులు ఒకే వరుసలో రాకుండా తిప్పండి.

డీజిల్‌లో అందరూ జాగ్రత్త పడాల్సిన కొలత మరొకటి ఉంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ ముఖం కంటే కొంచెం బయటికి పొడుచుకు వస్తుంది. డయల్ గేజ్‌ని బ్లాక్ మీద సున్నా చేసి, పిస్టన్ పిన్ ఉన్న గీత మీద రెండు చోట్ల కొలవండి, అక్కడైతే పిస్టన్ ఊగడం వల్ల తప్పు రాదు. నాలుగింటినీ కొలిచి, మాన్యువల్ చూసి హెడ్ గాస్కెట్ మందం ఎంచుకోవాలి. 4జేబీ1కి గాస్కెట్ మూడు మందాల్లో వస్తుంది, అంచున గుర్తులుంటాయి. పాతదానికి ఏది ఉందో అదే తెస్తే కుదరకపోవచ్చు. పల్చటిది వేస్తే పిస్టన్ హెడ్‌కి తగలొచ్చు, మందంది వేస్తే కంప్రెషన్ తగ్గి చలి ఉదయాల్లో స్టార్ట్ అవదు.

టైమింగ్ గేర్ల గుర్తులు కలిపాక చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయొద్దు, వాల్వ్ పిస్టన్‌కి తగులుతోందని అర్థం. టాపెట్ సందు (వాల్వ్ కొసకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) చల్లని ఇంజిన్ మీద ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండింటికీ 0.40 మి.మీ. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 కాబట్టి, ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద పైన ఉన్నప్పుడు ఒకటోదాని రెండు వాల్వులు, రెండోదాని ఇన్‌టేక్, మూడోదాని ఎగ్జాస్ట్ సెట్ చేయండి. క్రాంక్‌ని ఒక పూర్తి చుట్టు తిప్పి మిగతా నాలుగు చేయండి. నాజిళ్లని, పంపుని మాత్రం టెస్ట్ బెంచ్ ఉన్న చోట ఇచ్చాను. నాజిల్ నుంచి వచ్చే డీజిల్ ధార చర్మంలోంచి దూసుకుపోతుంది, చేత్తో ఎప్పుడూ పరీక్షించొద్దు. నాజిల్ కింద రాగి వాషర్లు కొత్తవే వేయండి.

స్టార్ట్ చేసే రోజు

ఇంజిన్ బండిలో కూర్చున్నాక బ్రేకుల సంగతి చూడండి. డీజిల్ ఇంజిన్‌కి బ్రేక్ బూస్టర్‌ని లాగేంత వ్యాక్యూమ్ గాలి పీల్చే మానిఫోల్డ్‌లో పుట్టదు, విడిగా వ్యాక్యూమ్ పంపు కావాలి. నా ఇంజిన్‌కి అది డైనమో వెనకే ఉంది, దానికి ఆయిల్ పైపు కూడా కలపాలి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి లావుపాటి ఎర్త్ వైరు వేయండి. అది మరిచిపోతే సెల్ఫ్ కరెంట్ ఏ కేబుల్ దొరికితే దాన్నుంచి వెళ్తుంది, ఆ కేబుల్ కాలిపోతుంది.

ముందు పంపు మీద డీజిల్ దారి తెరిచే స్టాప్ సోలినాయిడ్ వైరు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టండి. పది పదిహేను సెకన్లు కొట్టి, ఒక నిమిషం ఆగాలి. తర్వాత వైరు పెట్టి, ఫిల్టర్ మీది చేతి పంపుతో బుడగలు లేకుండా డీజిల్ వచ్చేదాకా ఎయిర్ తీయండి. అది అయ్యాక నాజిళ్లకి వచ్చే పైపుల నట్లు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ కారగానే బిగించండి.

నేను ఇవన్నీ చేసినా ఇంజిన్ పలకలేదు. రెండు సాయంత్రాలు ఎయిర్ తీస్తూనే ఉన్నాం. అప్పటికి టెన్షన్‌తో పంపు మళ్లీ విప్పడానికి పానా కూడా పట్టుకున్నాను. తాళం దగ్గర కూర్చున్న తమ్ముడు, "అక్కా, సైలెన్సర్‌లోంచి పొగే రావట్లేదు చూశావా?" అన్నాడు. సెల్ఫ్ కొడుతుంటే తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ మండట్లేదని అర్థం. అసలు పొగే లేకపోతే డీజిలే వెళ్లట్లేదు. చెవి పంపు దగ్గర పెట్టి తాళం తిప్పమన్నాను. టిక్కుమని వినిపించాలి, వినిపించలేదు. ఆ ఇంజిన్ 24 వోల్టుల ట్రక్కుది. సెల్ఫ్, డైనమో, హీటర్ ప్లగ్గులు 12 వోల్టులవి మార్చాను కానీ, బొటనవేలంత ఉండే ఆ సోలినాయిడ్‌ని మరిచాను. 12 వోల్టులది వేసి తాళం తిప్పగానే టిక్కుమంది. నాలుగో సెల్ఫ్‌కి ఇంజిన్ అందుకుంది. తమ్ముడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

స్టార్ట్ చేసే ముందు గాలి పైపు నోటికి సరిపోయే చదునైన చెక్క ఒకటి చేతిలో పెట్టుకోండి. ఛాంబర్‌లో ఆయిల్ ఎక్కువైనా, పంపు ఇరుక్కున్నా డీజిల్ ఇంజిన్ తాళం తీసినా ఆగకుండా పరుగెత్తవచ్చు. అప్పుడు గాలి మూయడమే దారి. అరచేయి పెట్టొద్దు, గుడ్డ పెడితే లోపలికి లాక్కుంటుంది.

కొత్త రింగులు కూర్చోవాలంటే భారం కావాలి. గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేస్తే లైనర్ గోడలు అద్దంలా నున్నబడి, ఆయిల్ తాగే ఇంజిన్ మిగులుతుంది. అయిదు నిమిషాలు లీకులు చూసి, రోడ్డెక్కి, మధ్యరకం భారంతో, వేగం మారుస్తూ నడపండి. మొదటి 500 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చాను. దించిన ఆయిల్‌ని పళ్లెంలో అయస్కాంతంతో కలిపితే సన్నటి బూడిద రంగు పొడి అంటుకుంది. అది మామూలే. మెరిసే రేకుల్లాంటివి కనిపిస్తే మాత్రం ఆపి, ఛాంబర్ విప్పి బేరింగులు చూడాలి. రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు ఉదయం టాపెట్లు మళ్లీ కొలిచాను. మూడో ఎగ్జాస్ట్ ఒక్కటి 0.35కి వచ్చింది, దాన్ని 0.40కి సరిచేసి కవర్ బిగించాను. ఇంజిన్ నంబరు మారింది కాబట్టి బండి పత్రాల్లో అది ఎక్కించే పని కూడా ఆ వారమే పూర్తి చేశాను.