నిల్వ గింజలకు పురుగు పట్టకుండా వేపాకు, వస పొడి కలిపే ముందు

మొదట గింజ ఆరిందో లేదో చూడండి. మన గోదావరి డెల్టాలో గాలిలోనే చెమ్మ ఎక్కువ. ధాన్యం తేమ 12 శాతానికి, మినుములు, పెసలు 9 శాతానికి దిగాలి. మినపగింజ పంటి కింద టక్కున విరగాలి. నొక్కుకుపోయిందంటే ఇంకో ఎండ కావాలి.

వేపాకు నీడలోనే ఆరబెట్టండి, ఎండకు దాని మందు గుణం పోతుంది. చేత్తో నలిపితే పొడి కావాలి. పోయినేడు మేం తొందరపడి పచ్చి రెమ్మలే వేశాం. గాదె అడుగున పెసలు బూజు పట్టి ముద్దకట్టాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంది.

పాత గోనె సంచులు తిరగేసి దులపండి, కుట్ల సందుల్లో ముక్కపురుగు దాక్కుంటుంది. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి నానబెట్టి, వడకట్టి, అందులో సంచులు ముంచి బాగా ఆరబెట్టాలి.

వసకొమ్ము పొడి విత్తనానికి మాత్రమే! తినే గింజల్లో కలపొద్దు, అందులోని ఆసరోన్ అనే రసాయనం ఒంటికి మంచిది కాదు. డబ్బా మీద ‘విత్తనం, తినకూడదు’ అని పెద్దక్షరాలతో రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి. కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

గింజలకు అప్పటికే బొక్కలు పడి ఉంటే ఆకుతో పని జరగదు. ముందు జల్లించి, మళ్లీ ఎండబోయండి.