కొత్త హార్డ్ డిస్క్ ఫర్మ్‌వేర్ వార్నింగ్ చూపిస్తోందా? ఫైళ్లు ఎక్కించే ముందు ఈ జాగ్రత్తలు

కొత్త డిస్క్ బిగించి, డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్‌సీటీఎల్ అనే సాఫ్ట్‌వేర్ రన్ చేయగానే "ఈ డ్రైవ్‌కు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉండవచ్చు" అని వస్తే టెన్షన్ పడకండి. ఫర్మ్‌వేర్ అంటే డిస్క్‌లోనే ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రామ్. ఆ వార్నింగ్ మీ డిస్క్‌ను పరీక్షించి చెప్పిన మాట కాదు. స్మార్ట్‌సీటీఎల్ దగ్గరున్న జాబితాలో మీ మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్ ఉన్నాయి, అంతే. కంప్యూటర్ ఆన్ చేయగానే నల్ల తెరమీద "స్మార్ట్ స్టేటస్ బ్యాడ్" అని వస్తే మాత్రం సంగతి వేరు. అది డిస్క్ తనంతట తాను చెబుతున్న మాట. అప్‌డేట్ జోలికి పోకుండా బిల్లుతో సహా షాపుకు తీసుకెళ్లి మార్పించుకోండి.

వార్నింగ్ సంగతి తేలేదాకా కొత్త డిస్క్‌లో ఒక్క ఫైలు కూడా పెట్టొద్దు, పాతదాన్ని ఫార్మాట్ చేయొద్దు. ఖాళీ డిస్క్‌లో అప్‌డేట్ తేడా కొట్టినా పోయేది డిస్కే, మీ ఫొటోలు కాదు.

అతి జాగ్రత్త అనిపిస్తే సీగేట్ బర్రాకుడా 7200.11 సంగతి చూడండి. 2009 జనవరిలో ఎస్‌డీ15 లాంటి ఫర్మ్‌వేర్ ఉన్న డ్రైవ్‌లు ఆన్ చేసినప్పుడు బయోస్‌కు, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట పనిచేసే ప్రోగ్రామ్‌కు, కనబడకుండా పోయాయి. లోపల డేటా ఉంది, చేరే దారే లేదు. కంపెనీ మొదట ఇచ్చిన అప్‌డేటేమో కొన్ని 500 జీబీ డ్రైవ్‌లను పనిచేయకుండా చేసింది. దాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసి మళ్లీ ఇచ్చారు. కాబట్టి అప్‌డేట్ ఫైలు వచ్చిన రోజే ఎగబడకుండా దాని మీద ఫిర్యాదులున్నాయేమో ఒకసారి చూసుకోండి.

శాంసంగ్ ఎఫ్4 2 టీబీ డ్రైవ్, అంటే హెచ్‌డీ204యూఐ, ఇంకా చిత్రం. డిస్క్‌లోకి రాత జరుగుతుండగా ఏదైనా సాఫ్ట్‌వేర్ దాని ఆరోగ్య వివరాలు అడిగితే, అప్పుడు రాస్తున్న డేటా చెప్పాపెట్టకుండా పోయేది. డిస్క్ బాగుందో లేదో చూసే సాఫ్ట్‌వేరే గండమన్నమాట! దిద్దిన ఫర్మ్‌వేర్ ఇచ్చారు గానీ వెర్షన్ నంబర్ మార్చలేదు. అందుకే అప్‌డేట్ చేసిన డ్రైవ్ మీద కూడా వార్నింగ్ పోదు. ఇలాంటి డ్రైవ్‌కు అప్‌డేట్ చేస్తే ఆ తేదీ రాసి డిస్క్ మీదే అంటించండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా? అమ్మినవాళ్ల మాట నమ్మకుండా మళ్లీ ఎక్కించుకోవడమే మేలు.

ఎస్ఎస్‌డీలకూ ఈ బాధ తప్పలేదు. శాంసంగ్ 980 ప్రో 2 టీబీలో 3బీ2క్యూజీఎక్స్‌ఏ7 ఫర్మ్‌వేర్ ఉన్నవి కొన్ని ఉన్నట్టుండి రీడ్ ఓన్లీ (చదవడమే తప్ప రాయడం కుదరని స్థితి) అయిపోయాయి. ఆ స్థితికి వెళ్లాక అప్‌డేట్ చేసి లాభం లేదు. పాత ఫర్మ్‌వేర్‌తోనే షాపులో చాలాకాలం పడి ఉన్న పెట్టె మీకు రావచ్చు. "కొత్తదేగా" అని వదిలేయకండి.

అప్‌డేట్‌కు కూర్చునే ముందు లేబుల్ మీది మోడల్, సీరియల్ నంబర్ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సీరియల్ నంబర్ అడిగే కంపెనీ పేజీ ఉంటే అక్కడే ఫైలు తీసుకోండి. మోడల్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే డ్రైవే. పాత డిస్క్‌ల కేబుళ్లు పీకేయండి, పొరపాటున వాటిమీద ఎక్కకుండా. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ప్రయత్నించొద్దు, చాలా డబ్బాలు అప్‌డేట్ కమాండ్లను లోపలి డిస్క్‌కు పంపవు. అప్‌డేట్ టూల్‌కు డ్రైవ్ కనబడకపోతే బయోస్‌లో రెయిడ్ మోడ్ (కొన్ని డిస్క్‌లను కలిపి వాడే సెట్టింగ్) ఉందేమో చూడండి. విండోస్ ఆ మోడ్‌లోనే ఇన్‌స్టాల్ అయి ఉంటే దాన్ని మార్చకండి, బూట్ కాకుండా మొరాయిస్తుంది. బూటబుల్ పెన్‌డ్రైవ్‌తో చేయడమో, ఇంకో కంప్యూటర్లో బిగించడమో నయం.

కరెంటు సంగతి మర్చిపోవద్దు. ఇన్వర్టర్ ఉందిగా అన్న ధీమా పనికిరాదు. అది అందుకునేలోపే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయ్యే ఇళ్లు బోలెడు. యూపీఎస్ పెట్టండి. లేదంటే గాలివాన సాయంత్రాలు మానేసి పొద్దున్నే చేసుకోండి.

అయ్యాక రీస్టార్ట్‌తో సరిపెట్టకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి మళ్లీ ఆన్ చేయండి. వెర్షన్ మారిందో లేదో చూసి (హెచ్‌డీ204యూఐలో మారదు), డిస్క్ మొత్తాన్ని చదివి చూసే లాంగ్ టెస్ట్ పెట్టండి. పెద్ద హార్డ్ డిస్క్ అయితే రాత్రంతా పట్టొచ్చు. సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో పాడైన సందర్భాల) లెక్క పెరుగుతూ ఉంటే డిస్క్‌ను తిట్టుకునే ముందు దాన్ని కంప్యూటర్‌కు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. టెస్ట్ పాసయ్యాక ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు. పాత డిస్క్‌ను మాత్రం ఓ నెల అలాగే ఉంచండి.