సూర్యలంకలో కుటుంబంతో రిసార్ట్ బస: గది మాట్లాడుకోవడం నుంచి సముద్ర స్నానం దాకా

బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక తీరానికి గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌ల నుంచి ఎన్నో కుటుంబాలు వస్తుంటాయి. బాపట్ల విజయవాడ–చెన్నై రైలు మార్గంలోనే ఉన్నందున రైలు దిగి ఆటోలో తీరం చేరుకోవచ్చు. పర్యాటకాభివృద్ధి సంస్థ వారి హరిత రిసార్ట్ సూర్యలంకలోనే ఉంది. చీరాల వైపు వెళ్తే రామాపురం తీరంలో ప్రైవేటు రిసార్టులు ఉన్నాయి. వీటిలో ఎక్కడ దిగినా ఉదయం, సాయంత్రం సముద్రం ఒడ్డున గడపగలిగితేనే ఆ బసకు పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది కనుక, మిగతా ఏర్పాట్లన్నీ ఆ రెండు వేళలను కాపాడేలా చేసుకోవాలి.

వెళ్లడానికి జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నిటికన్నా అనుకూలమని నా అభిప్రాయం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుఫానులు వచ్చే కాలం; 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే షరతు ఉన్న గదినే తీసుకోవాలి. కార్తిక పౌర్ణమికి సముద్ర స్నానాల కోసం జనం పోటెత్తుతారు కాబట్టి, భక్తితో స్నానానికి వెళ్లేవారికి తప్ప, చిన్నపిల్లలతో విశ్రాంతి కోరేవారికి ఆ రోజులు తగవు. వీలైతే శని, ఆదివారాలు వదిలి మధ్య రోజుల్లో వెళ్లడం మేలు.

గది ఖాయం చేసే ముందు రిసార్ట్‌కు ఫోన్ చేసి నేరుగా మాట్లాడాలి. గది కింది అంతస్తులో ఉందా, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు మెట్లు ఎక్కాల్సి వస్తుందా, ఎక్స్‌ట్రా బెడ్ అంటే మంచం ఇస్తారా లేక నేల మీద పరుపు మాత్రమే వేస్తారా, పిల్లలకు ఏ వయసు వరకు ఉచితం, కరెంటు పోతే జనరేటర్‌పై ఏసీ నడుస్తుందా అన్నవి తప్పక అడగాలి. తీరప్రాంతంలో బోరు నీరు ఉప్పగా ఉండడం మామూలే కాబట్టి తాగునీటి ఏర్పాటు గురించి కూడా తెలుసుకోవాలి. గది నుంచి సముద్రం కనిపిస్తుందని చెబితే, కిటికీలోంచి తీసిన ఫొటో పంపమనండి. ఆ ఒక్క మాట మీద అద్దె చాలా పెరుగుతుంది, పైగా రోజంతా ఒడ్డునే తిరిగే కుటుంబానికి ఆ దృశ్యం కంటే ఇసుక కాళ్లతో తిన్నగా నడిచి వెళ్లగలిగే కింది గదే ఎక్కువ ఉపయోగం.

మధ్యాహ్నం చెక్ ఇన్ చేసిన వెంటనే ఎండలో సముద్రానికి పరుగెత్తకుండా, పిల్లలను కాసేపు పడుకోబెట్టి నాలుగు గంటల తర్వాత బయలుదేరాలి. మర్నాడు సూర్యోదయానికి ముందే లేచి ఒడ్డుకు వెళ్లి, ఎండ ముదరకముందే గదికి చేరి టిఫిన్ చేస్తే ఎవరూ అలసిపోరు.

ఇక నీళ్లలోకి దిగే విషయంలో ఎంత చెప్పినా ఎక్కువ కాదు. ఒడ్డుకు వచ్చిన నీరు కొన్నిచోట్ల ఇరుకైన పాయలా మారి వేగంగా సముద్రంలోకి వెనుదిరుగుతుంది. చుట్టూ అలలు విరుగుతుండగా మధ్యలో ఒకచోట నీరు నిశ్చలంగా కనిపిస్తే, పిల్లలకు అదే క్షేమమని చాలామంది అటు తీసుకెళ్తారు; నిజానికి లోపలికి లాగే ప్రవాహం తరచుగా అక్కడే ఉంటుంది. ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎందుకంటే మంచి ఈతగాళ్లు కూడా అలసిపోయి మునిగేది అలాగే. నీటిపై తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. చూసేవారు తామూ దూకకుండా, తేలే వస్తువు ఏదైనా విసిరి, ఒడ్డున ఉన్న పోలీసులను, గజ ఈతగాళ్లను పిలవాలి. అత్యవసర సహాయ నంబరు 112కు ఫోన్ చేయాలి.

పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి. వారితో ఉన్న పెద్దవారు ఒడ్డు వైపు కాకుండా సముద్రం వైపు నిలబడి, వచ్చే అలను చూస్తూ ఉండాలి. ఒక్కో చిన్నబిడ్డకు ఒక్కో పెద్దవారిని ముందే నియమించి, ఆ సమయంలో వారు ఫోన్ ముట్టకుండా చూడాలి. "అందరం ఉన్నాంగా" అనుకున్నప్పుడే ఎవరూ చూడని క్షణం వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం) ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది కనుక వాటిని ముందురోజే చూసుకోండి. ఎర్రజెండా ఉన్నా, పోలీసులు వద్దన్నా ఆ పూట ఇసుకలో ఆడుకోవడంతోనే సరిపెట్టుకోవాలి. మద్యం తాగినవారిని నీళ్లలోకి దిగనివ్వకూడదు, ఇందులో మొహమాటానికి తావు లేదు.

భోజనం విషయంలో, చేపలు, రొయ్యలు ఆ రోజు వచ్చినవేనా అని అడిగి, పెద్ద కుటుంబమైతే రాత్రి భోజనానికి సాయంత్రమే ఆర్డర్ ఇవ్వడం మంచిది. పసిపిల్లలకు, పథ్యం ఉన్న పెద్దలకు కారం లేకుండా పప్పు, పెరుగన్నం చేసిపెట్టమని ముందే చెబితే వంటవారికీ వీలవుతుంది.

ఖాళీ చేసే రోజు బిల్లును ముందు రాత్రే అడిగి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు మించని గదులపై జీఎస్టీ 5 శాతమే. సర్వీస్ చార్జీని హోటళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇవ్వగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అది కలిసి ఉంటే తీసేయమని మర్యాదగా అడగాలి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. రైలు సాయంత్రమైతే సామాను రిసెప్షన్‌లో ఉంచుకుంటారా, ఉప్పునీటి బట్టలు మార్చుకోవడానికి స్నానాల గది ఇస్తారా అన్నది కూడా ఆ రాత్రే మాట్లాడుకోవాలి.