వెన్న బదులు వేరే కొవ్వు వాడితే కేకులు, బిస్కెట్లు చెడిపోతున్నాయా?

వెన్నలో కొవ్వు దాదాపు 80 శాతమే. మిగతాదాంట్లో 16 నుంచి 18 శాతం నీరు, కొద్దిపాటి పాల ఘనపదార్థాలు. నూనె, నెయ్యి అయితే దాదాపు మొత్తం కొవ్వే. పైగా గది ఉష్ణోగ్రతలో వెన్న గట్టిగా ఉంటూనే వేలితో నొక్కితే దిగుతుంది. కొవ్వు, నీరు, పాల పదార్థం, ఈ గట్టిదనం: వంట ఎక్కడ బెడిసికొట్టినా వీటిలో ఏది తగ్గిందో, ఏది ఎక్కువైందో ముందు చూడండి.

కేకు జిడ్డుగా ఉంది, అడుగు కాగితం నూనె పీల్చుకుంది

వెన్న ఎంతో నూనె కూడా అంతే పోసి ఉంటారు. 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నూనె చాలు, దానికి 15 నుంచి 20 గ్రాముల పాలో నీళ్లో కలపండి. కరిగించిన నెయ్యికీ ఇదే లెక్క. త్రాసు లేకపోతే కప్పు వెన్నకు ముప్పావు కప్పు నూనె పోయవచ్చు.

కేకు పొంగలేదు, ముక్క దట్టంగా ఉంది

చాలామంది వెంటనే బేకింగ్ పౌడర్‌ను అనుమానించి ఇంకో అర చెంచా వేస్తారు. దానితో చేదు తప్ప ఏమీ రాదు. వెన్నను పంచదారతో గిలకొట్టేటప్పుడు పంచదార పలుకులు ఆ గట్టి కొవ్వులోకి సన్నని గాలి బుడగలను చొప్పిస్తాయి. బేకింగ్ పౌడర్ చేసేది ఉన్న బుడగలను ఉబ్బించడమే, కొత్తవి పుట్టించడం కాదు. నూనెను ఎంతసేపు గిలకొట్టినా గాలి అందులో నిలవదు.

కాబట్టి గాలిని గుడ్లతో పట్టాలి. గుడ్లు, పంచదార కలిపి బాగా గిలకొట్టండి. మిశ్రమం లేత రంగుకు మారి, గరిటె ఎత్తినప్పుడు జారిన ధార పైన రెండు మూడు క్షణాలు గీతలా కనిపించాలి. అప్పుడు నూనెను సన్నని ధారగా పోస్తూ కలపండి. నెయ్యి అయితే కరిగించకుండా, పేరుకున్నదాన్నే పంచదారతో గిలకొట్టవచ్చు.

నన్నడిగితే చాక్లెట్ కేకుకూ క్యారెట్ కేకుకూ వెన్న కంటే నూనే మేలు. ఫ్రిజ్‌లో పెట్టినా ముక్క గట్టిపడదు.

బిస్కెట్లు పల్చగా పరుచుకుపోయాయి

వెన్న కరగడానికి 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ కావాలి. కొబ్బరి నూనె 24 దగ్గరే కరుగుతుంది. ఓవెన్‌లో పిండి గట్టిపడేలోగా కొవ్వు జారిపోతే బిస్కెట్ కూడా జారుతుంది. ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, ముందు ఒక్క బిస్కెట్ కాల్చి చూడండి. అదీ పరుచుకుంటే మరో రెండు చెంచాల పిండి కలపండి. మార్జరిన్ (వెన్నకు బదులుగా నూనెలతో చేసే కొవ్వు) వాడితే డబ్బా మీద కొవ్వు శాతం చదవండి. రొట్టె మీద రాసుకునే రకాల్లో కొవ్వు తక్కువ, నీరు ఎక్కువ. 80 శాతం కొవ్వు ఉన్నదే తీసుకోండి.

కొబ్బరి నూనె తెల్లటి పలుకులుగా విడిపోయింది

గుడ్లో పాలో చల్లగా ఉన్నాయి. గిన్నెను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే సర్దుకుంటుంది.

రంగు రాలేదు, రుచి చప్పగా ఉంది

గోధుమ రంగుకూ కమ్మటి వాసనకూ వెన్నలోని పాల పదార్థం చాలావరకు కారణం. నీళ్లకు బదులు పాలు పోయండి, లేదా చెంచాడు పాలపొడి వేయండి. ఉప్పు వెన్నతో చేయాల్సిన వంటకమైతే చిటికెడు ఉప్పు కూడా వేయాలి. రంగు కోసం ఎక్కువసేపు కాల్చితే కేకు ఎండిపోతుంది.

ఆపిల్ గుజ్జో పెరుగో వేస్తే కేకు రబ్బరులా సాగుతోంది

కొవ్వు పిండి రేణువులకు పూతలా అంటుకుని, పిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ బలపడకుండా ఆపుతుంది. ఆ పూత లేకపోతే కేకు సాగుతుంది. వెన్నలో సగానికే గుజ్జు వేయండి. పొడి పిండి కనబడకుండా పోగానే కలపడం ఆపేయండి.

పఫ్‌లో పొరలు విడలేదు

పొరల మధ్య గట్టిగా నిలిచిన వెన్న ఓవెన్‌లో కరిగి, దానిలోని నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది. నూనె పిండిలోకి ఇంకిపోతుంది, ఆవిరి కావడానికి దానిలో నీరూ లేదు. ఇక్కడ నూనెతో కుస్తీ పట్టకండి. పఫ్ కోసమే తయారుచేసే గట్టి మార్జరిన్ దొరికితే సరే, లేకపోతే వెన్నే వాడండి.