కారు డేటా లైనుకు దాన్ని చదివే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు తగిలించే ముందు

- ఇంజన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి ఐదు నిమిషాలు ఆగండి. ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్) డేటా లైను తీగలుండే 6, 14 పిన్నుల మధ్య మీటరు పెడితే 60 ఓమ్‌ల దగ్గర చూపాలి. లైను రెండు చివర్లా ఉన్న 120 ఓమ్‌ల రెసిస్టర్ల లెక్క అది.
- ఎంసీపీ2515 మాడ్యూల్ (డేటా లైనును చదివే చిప్ ఉన్న బోర్డు) మీద ఇంకో 120 ఓమ్‌లది ఉంటుంది. దాన్ని కలిపే చిన్న బిళ్ల, జంపర్, పీకేయండి. లేదంటే లైను 40 ఓమ్‌లకు పడిపోయి తప్పులు మొదలవుతాయి.
- మాడ్యూల్ మీది క్రిస్టల్ (చిప్‌కు గడియారంలా పనిచేసే చిన్న లోహపు డబ్బా) మీద అంకె చదవండి. 8 మెగాహెర్ట్జ్ దానికి కోడ్‌లో 16 అని రాస్తే ఒక్క ఫ్రేమూ (డేటా ముక్క) రాదు. సగం మంది చిక్కుకునేది ఇక్కడే.
- మొదట లిజన్ ఓన్లీ మోడ్, అంటే వినడమే, ఏమీ పంపకపోవడం. డేటా వేగం తప్పుగా పెట్టి మామూలు మోడ్‌లో వదిలితే బోర్డు ఎర్రర్ ఫ్రేములు పంపి బస్సును చెడగొడుతుంది. (ఆర్టీసీ బస్సు కాదు, క్యాన్ బస్సు, అంటే ఈ డేటా లైనే.)
- 16వ పిన్నులో ఎప్పుడూ బ్యాటరీ కరెంటే. ఇంజన్ నడిస్తే 14 వోల్టుల దగ్గర ఉంటుంది. బోర్డుకు కరెంటు ఇక్కడి నుంచి తీసుకుంటే 1 ఆంప్ ఫ్యూజు, వోల్టేజి తగ్గించే బక్ కన్వర్టర్ తప్పనిసరి.
- పాత బండిలో 7వ పిన్ను కే-లైన్ (పాత తరం డేటా తీగ) 12 వోల్టులది. నేరుగా ఈఎస్‌పీ32 (కోడ్ నడిపే చిన్న మైక్రోకంట్రోలర్) కు ఇస్తే చిప్ పోయినట్టే.
- పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోవద్దు.
- తిరుమల ఘాట్ ఎక్కుతూ కూలెంట్ వేడి చూడాలనుకుంటే లాగ్‌ను (రీడింగుల రికార్డు) మెమరీ కార్డులోకి రాయించండి. మలుపుల్లో ల్యాప్‌టాప్ వద్దు.